లాగిన్ అడిగే ఫైళ్లను టెర్మినల్ నుంచి దించుకోవడం: డబ్ల్యూగెట్‌కి బ్రౌజర్ కుకీలు ఇచ్చే పద్ధతి

బ్రౌజర్‌లో లాగిన్ అయి ఉన్నారు. ఫైలు మీద నొక్కితే చక్కగా దిగుతోంది. అదే లింకు కాపీ చేసి టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే విండో) డబ్ల్యూగెట్‌కి, అంటే లింకు ఇస్తే ఫైలు దించిపెట్టే పనిముట్టుకి, ఇస్తే అర సెకనులో పనైపోయిందంటుంది. తెరిచి చూస్తే లోపల ఉన్నది లాగిన్ పేజీ. ఇందులో లింకు తప్పేమీ లేదు, డబ్ల్యూగెట్ తప్పూ లేదు. మీరు లాగిన్ అయినప్పుడు సర్వర్ మీ బ్రౌజర్ చేతికి ఒక చీటీ ఇచ్చింది. అదే కుకీ. ప్రతిసారీ బ్రౌజర్ ఆ చీటీ చూపించి లోపలికి వెళ్తోంది. డబ్ల్యూగెట్ దగ్గర చీటీ లేదు కాబట్టి గుమ్మంలోనే ఆగిపోతోంది. ఆ చీటీని సరైన రూపంలో దానికి అందించడం, అది నిజంగా సర్వర్‌కి చేరిందో లేదో చూసుకోవడం, పనయ్యాక జాగ్రత్తగా పారేయడం ఇక్కడ వివరంగా చూద్దాం.

ఒకటి రెండు ఫైళ్లయితే ఇదంతా అక్కర్లేదు, బ్రౌజరే నయం. ఫైళ్లు వందల్లో ఉన్నప్పుడు, ఒక్కో ఫైలు గిగాబైట్లలో ఉండి మధ్యలో తెగిపోతున్నప్పుడు, లేదా దూరాన ఉన్న సర్వర్‌లోకి నేరుగా దించుకోవాలన్నప్పుడు టెర్మినల్ కావాలి.

ఉదాహరణకి నాసా ఉచితంగా ఇచ్చే ఐమర్గ్ వర్షపాత డేటా తీసుకుందాం. ప్రతి అరగంటకూ ఒక ఫైలు, అంటే రోజుకు 48. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచిన బుడమేరు వరదను అధ్యయనం చేసే విద్యార్థికి ఆగస్టు 30 నుంచి సెప్టెంబరు 2 వరకు నాలుగు రోజుల డేటా కావాలంటే 192 ఫైళ్లు. 365 రోజుల ఏడాది మొత్తానికైతే 17,520. ఇవన్నీ ఎర్త్‌డేటా అనే నాసా ఖాతా లాగిన్ వెనకే ఉంటాయి. ఆ ఖాతా ఎవరైనా ఉచితంగా తెరవచ్చు.

ఈ డేటాతో పనిచేసేవాళ్లు మొదట్లోనే గుర్తుంచుకోవాల్సిన సంగతి: ఫైలు పేర్లలోని సమయం యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. మన గడియారం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. కాబట్టి మన ఆగస్టు 30 అర్ధరాత్రి నుంచి లెక్క కావాలంటే ఆగస్టు 29, 18:30 ఫైలుతో మొదలుపెట్టాలి. సెప్టెంబరు 2న 18:00 ఫైలుతో ఆపాలి. లెక్క మళ్లీ 192కే వస్తుంది గానీ ఫైళ్లు మారతాయి.

ఆదేశాల గురించి ఒక మాట. ఇక్కడ వాటిని తెలుగు లిపిలో రాశాం. టెర్మినల్‌లో అవే మాటల్ని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. చుక్కలు, గీతలు, సమాన గుర్తులు ఎక్కడున్నవి అక్కడే ఉండాలి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెప్తాం.

మొదట పనిముట్లు

ఉబుంటులో డబ్ల్యూగెట్ లేకపోతే 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ డబ్ల్యూగెట్' అంటే వచ్చేస్తుంది. మ్యాక్‌లో డబ్ల్యూగెట్ లాంటిదే అయిన కర్ల్ ముందే ఉంటుంది, డబ్ల్యూగెట్ విడిగా పెట్టుకోవాలి. విండోస్ 10లో 2018 నుంచి కర్ల్ వస్తోంది. కానీ పాత పవర్‌షెల్‌లో 'కర్ల్' అన్నా 'డబ్ల్యూగెట్' అన్నా నడిచేది అసలు పనిముట్టు కాదు, ఇన్వోక్-వెబ్‌రిక్వెస్ట్ అనే వేరే ఆదేశం. కింద చెప్పిన ఆప్షన్లేవీ దానికి అర్థం కావు. అందుకే పవర్‌షెల్‌లో 'కర్ల్.ఈఎక్స్ఈ' అని పూర్తిగా కొట్టాలి.

కుకీలను ఫైల్లోకి తీయడం

1. బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో తెరిచి అందులో లాగిన్ అవ్వండి. మామూలు విండోలో చేసినా పనవుతుంది. కాకపోతే మీరు ఆ సైటు వాడుతున్నకొద్దీ కొన్ని సర్వర్లు కుకీని మార్చేస్తుంటాయి. అప్పుడు మీరు దాచుకున్నది పాతబడిపోతుంది. ప్రైవేట్ విండోలో తీసి, విండో మూసేస్తే ఆ కుకీ జోలికి ఇక బ్రౌజర్ రాదు.

2. కావాల్సిన ఫైళ్లలో ఒకదాన్ని బ్రౌజర్‌తోనే దించండి. ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు, ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. లాగిన్ పేజీ ఒక డొమైన్‌లో, ఫైళ్లు వేరే డొమైన్‌లో ఉండటం మామూలే. ఎర్త్‌డేటాలో లాగిన్ జరిగేది యూఆర్‌ఎస్.ఎర్త్‌డేటా.నాసా.గవ్ దగ్గర, ఫైళ్లుండేది డేటా సర్వర్ దగ్గర. డేటా సర్వర్ మిమ్మల్ని లాగిన్ సర్వర్‌కి పంపి, అక్కడ సరేననిపించుకుని వెనక్కి వచ్చాకే తన సొంత కుకీ ఇస్తుంది. ఒక్క ఫైలైనా దించనిదే ఆ రెండో కుకీ పుట్టదు.

3. కుకీలను ఎగుమతి చేసే ఎక్స్‌టెన్షన్‌తో ఫైలు తీయండి. క్రోమ్‌కి 'గెట్ కుకీస్ డాట్ టీఎక్స్‌టీ లోకల్లీ' అనేది ఉంది. పేరు చివర 'లోకల్లీ' ఉందో లేదో తప్పక చూడండి. ఆ మాట లేకుండా అదే పేరుతో ఉన్న పాత ఎక్స్‌టెన్షన్ మాల్‌వేర్ అని బయటపడటంతో క్రోమ్ వెబ్ స్టోర్ నుంచి తీసేశారు. ఏ ఎక్స్‌టెన్షన్ అయినా ప్రైవేట్ విండోలో పనిచేయాలంటే సెట్టింగ్స్‌లో దానికి విడిగా అనుమతివ్వాలి. డేటా సర్వర్ పేజీ తెరిచి ఉన్న ట్యాబ్‌లోనే, ఆ ఒక్క సైటు కుకీలే తీయండి. 'అన్నీ' నొక్కితే మీ మెయిల్, షాపింగ్ ఖాతాల తాళాలు కూడా అదే ఫైల్లోకి వచ్చి పడతాయి.

4. ఫైలుని కుకీస్.టీఎక్స్‌టీ అనే పేరుతో దాచి, విండో మూసేయండి. లాగౌట్ మాత్రం నొక్కకండి. లాగౌట్ అంటే ఆ చీటీ చెల్లదని సర్వర్‌కి చెప్పడమే. అప్పుడు ఫైల్లో ఉన్నదీ చెల్లదు.

5. లినక్స్, మ్యాక్‌లలో వెంటనే 'సీహెచ్‌మోడ్ 600 కుకీస్.టీఎక్స్‌టీ' కొట్టండి. ఇక మీరు తప్ప ఆ కంప్యూటర్‌లో మామూలు యూజర్లెవరూ దాన్ని చదవలేరు.

డెవలపర్ కన్సోల్‌లో డాక్యుమెంట్.కుకీ అని కొట్టి వచ్చింది కాపీ చేసుకోమనే సలహా అక్కడక్కడా కనబడుతుంది. దానివల్ల లాభం లేదు. లాగిన్‌కి పనికొచ్చే కుకీల్లో ఎక్కువ శాతం హెచ్‌టీటీపీ-ఓన్లీ రకం. అవి జావాస్క్రిప్ట్‌కి కనబడవు, అక్కడ వచ్చే జాబితాలో ఉండవు.

ఫైలు లోపల ఏముంటుంది

ఒక్కసారి కుకీస్.టీఎక్స్‌టీని ఎడిటర్‌లో తెరిచి చూడండి. ఈ రూపం 1990ల నాటి నెట్‌స్కేప్ బ్రౌజర్‌ది. మొదటి వరుస # గుర్తుతో మొదలయ్యే శీర్షిక. ఆ తర్వాత ఒక్కో కుకీకి ఒక్కో వరుస, వరుసకి ఏడు గళ్లు:

.ఉదాహరణ.కామ్ → ట్రూ → / → ట్రూ → 1798761600 → సెషన్ఐడీ → ఏ7ఎఫ్3సీ9

ఇక్కడ బాణం గుర్తు వేసిన ప్రతిచోటా అసలు ఫైల్లో ఒక ట్యాబ్ ఉండాలి. మొదటి గడి డొమైన్. రెండోది, ఉపడొమైన్లకీ ఇది వర్తిస్తుందా అని. మూడోది ఏ దారి కింద పనిచేస్తుందో చెప్తుంది. నాలుగోది హెచ్‌టీటీపీఎస్‌లోనే పంపాలా అన్నది. అయిదోది గడువు: 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లు. పైన ఉన్న అంకె 2027 జనవరి 1, మన సమయం ప్రకారం ఉదయం 5:30. ఆరు, ఏడు గళ్లు కుకీ పేరు, విలువ.

ఈ ఏడు గళ్లలోనే తిప్పలన్నీ ఉన్నాయి.

అన్నిటికంటే ఎక్కువమందిని ఏడిపించేది హెచ్‌టీటీపీ-ఓన్లీ గుర్తు. కొన్ని పనిముట్లు ఇలాంటి కుకీని రాసేటప్పుడు డొమైన్‌కి ముందు '#హెచ్‌టీటీపీఓన్లీ_' అనే మాట తగిలిస్తాయి. ఇంగ్లీషులో దాని మొదటి హెచ్, ఓ పెద్ద అక్షరాలు. కర్ల్ ఈ గుర్తుని అర్థం చేసుకుంటుంది. మామూలు డబ్ల్యూగెట్ మాత్రం # తో మొదలయ్యే ఏ వరుసనైనా వ్యాఖ్య అనుకుని దాటేస్తుంది. ఫైల్లో కుకీ కళ్లెదురుగా కనబడుతుంటుంది, డబ్ల్యూగెట్ దాన్ని పంపదు, ఒక్క హెచ్చరికా ఇవ్వదు. మందు తేలికే: ఎడిటర్‌లో ఫైండ్-రీప్లేస్ పెట్టి, # నుంచి కింది గీత దాకా ఉన్న ఆ ముక్కని ఖాళీతో మార్చేయండి. వరుస నేరుగా డొమైన్‌తో మొదలవ్వాలి. శీర్షిక వరుసలోని # ని అలాగే ఉంచండి.

రెండోది ట్యాబులు. ఫైల్లోంచి వరుసల్ని చాట్‌లోకో వర్డ్‌లోకో కాపీ చేసి మళ్లీ తెచ్చుకుంటే ట్యాబులు ఖాళీలైపోతాయి. కంటికి తేడా తెలియదు, డబ్ల్యూగెట్ ఆ వరుసను కుకీగా గుర్తించదు. విండోస్‌లో దాచిన ఫైలుని లినక్స్‌కి తీసుకెళ్తే వరుస చివర కనబడని అక్షరం ఒకటి మిగిలిపోయి, కొన్ని పనిముట్లతో సర్వర్ 400 (అడిగిన తీరు తప్పు) అనే జవాబు ఇచ్చే అవకాశమూ ఉంది. 'డాస్2యునిక్స్ కుకీస్.టీఎక్స్‌టీ' అంటే సరిపోతుంది.

మూడోది గడువు. అయిదో గడిలో 0 ఉంటే అది సెషన్ కుకీ (బ్రౌజర్ మూసేదాకానే ఉండేది), డబ్ల్యూగెట్ దాన్ని సరిగ్గానే తీసుకుంటుంది. గడువు దాటిన కుకీని పంపదు. ఎక్స్‌టెన్షన్ వాడకుండా ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఫోల్డర్‌లోని కుకీస్.ఎస్‌క్యూలైట్ నుంచి సొంతంగా స్క్రిప్టు రాసి తీసేవాళ్లు రెండు సంగతులు చూసుకోవాలి. సెషన్ కుకీలు ఆ డేటాబేస్‌లో ఉండవు. కొత్త ఫైర్‌ఫాక్స్‌లలో గడువు సెకన్లలో కాక మిల్లీసెకన్లలో ఉంటుంది. 10 అంకెలు ఉండాల్సిన చోట 13 కనబడితే 1000తో భాగించండి.

క్రోమ్ డేటాబేస్ జోలికి మాత్రం వెళ్లకండి. అందులో కుకీ విలువలు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. విండోస్‌లో 2024లో వచ్చిన క్రోమ్ 127 నుంచి ఆ తాళాన్ని క్రోమ్‌కే కట్టేశారు. అంతకుముందు బ్రౌజర్ నుంచి నేరుగా కుకీలు లాగిన పనిముట్లు చాలా అక్కడే ఆగిపోయాయి.

ఆదేశం నడపడం

ముందు ఒక్క ఫైలుతో ప్రయత్నించండి:

డబ్ల్యూగెట్ --లోడ్-కుకీస్=కుకీస్.టీఎక్స్‌టీ "ఫైలు లింకు"

లింకు చుట్టూ కోట్స్ తప్పనిసరి. లింకులో & ఉంటే షెల్ (టెర్మినల్‌లో మీ ఆదేశాలు చదివి నడిపే ప్రోగ్రాం) అక్కడ ఆదేశాన్ని విరిచేసి, సగం లింకే డబ్ల్యూగెట్‌కి ఇస్తుంది.

దిగిందా? సంతోషపడే ముందు ఫైలు నిజంగా ఏమిటో అడగండి:

ఫైల్ దించిన-ఫైలు-పేరు

ఐమర్గ్ అరగంట ఫైలైతే 'హైరార్కికల్ డేటా ఫార్మాట్, వెర్షన్ 5' అన్న అర్థం వచ్చే జవాబు రావాలి. 'హెచ్‌టీఎంఎల్ డాక్యుమెంట్' అని వచ్చిందంటే దిగింది లాగిన్ పేజీ. ఈ పరీక్ష ఎందుకంటే, కొన్ని సర్వర్లు 401 లేదా 403 (అనుమతి లేదు) అని సూటిగా చెప్పేస్తాయి గానీ చాలా సర్వర్లు లాగిన్ పేజీకి మళ్లించి 200 అంటాయి. డబ్ల్యూగెట్ దృష్టిలో 200 అంటే విజయమే. పైగా ఎక్కడికి మళ్లించినా ఫైలుకి పెట్టేది మీరిచ్చిన లింకులోని పేరే. చూడ్డానికి అంతా సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది. ఇలా 192 ఫైళ్లూ దించి, వారం తర్వాత పైథాన్‌లో తెరవబోతే తెలిసేది 192 లాగిన్ పేజీలున్నాయని.

ఒక్కటి సరిగ్గా వచ్చాక మిగతావి. లింకులన్నీ వరుసకొకటి చొప్పున లిస్ట్.టీఎక్స్‌టీలో పెట్టండి. నాసా డేటా సైట్లలో తేదీలు, ప్రాంతం ఎంచుకుంటే ఇలాంటి జాబితాని వాళ్లే తయారుచేసి ఇస్తారు. తర్వాత:

డబ్ల్యూగెట్ --లోడ్-కుకీస్=కుకీస్.టీఎక్స్‌టీ --సేవ్-కుకీస్=కుకీస్.టీఎక్స్‌టీ --కీప్-సెషన్-కుకీస్ --కంటిన్యూ --వెయిట్=2 --ఇన్‌పుట్-ఫైల్=లిస్ట్.టీఎక్స్‌టీ

సేవ్-కుకీస్ పెట్టేది, మధ్యలో సర్వర్ కొత్త కుకీ ఇస్తే డబ్ల్యూగెట్ ముగిసేటప్పుడు దాన్ని ఫైల్లో రాసుకోవడానికి. కీప్-సెషన్-కుకీస్ లేకపోతే సెషన్ కుకీలను రాయదు, రెండోసారి నడిపేసరికి లాగిన్ పోతుంది. ఈ రెండూ ఎప్పుడూ జంటగానే వాడండి. వెయిట్=2 అంటే ఫైలుకీ ఫైలుకీ మధ్య రెండు సెకన్ల విరామం. 192 ఫైళ్లకి ఆరున్నర నిమిషాలే అదనం. ప్రజల సొమ్ముతో నడిచే సర్వర్‌ని ఆ మాత్రం గౌరవించడం మన బాధ్యత.

కంటిన్యూ గురించి ఒక హెచ్చరిక. తెగిపోయిన చోటి నుంచి అందుకోవడానికి ఇది ఎంతో ఉపయోగం. కానీ కుకీ గడువు తీరాక దీన్ని నడిపితే సర్వర్ నుంచి వచ్చేది లాగిన్ పేజీ. ఆ పేజీకి మధ్యలోంచి పంపే సౌకర్యం ఉండదు. అలాంటప్పుడు ఇప్పటి డబ్ల్యూగెట్ మొదటి నుంచి దించుతూ ఉన్న ఫైలు మీదే రాసేస్తుంది. మూడు గిగాబైట్లు దిగిన ఫైలు కాస్తా ఇరవై కిలోబైట్ల పేజీ అయి కూర్చుంటుంది. పెద్ద ఫైలుని మళ్లీ అందుకునే ముందు సగం దిగినదాన్ని వేరే పేరుతో కాపీ చేసుకోండి, లేదా అదే కుకీతో చిన్న ఫైలు ఒకటి దించి చూసుకోండి.

అంతా అయ్యాక మొత్తం ఫోల్డర్‌ని ఒకేసారి వడకట్టండి:

ఫైల్ * | గ్రెప్ -ఐ హెచ్‌టీఎంఎల్

ఒక్క వరుసా రాకపోతే ఫోల్డర్‌లో లాగిన్ పేజీలు లేనట్టే. వచ్చిన పేర్లున్న ఫైళ్లను తీసేసి, కుకీలు కొత్తగా ఎగుమతి చేసి అదే ఆదేశం మళ్లీ నడపండి. పూర్తిగా దిగినవాటిని డబ్ల్యూగెట్ మళ్లీ దించదు.

కుకీ ఇచ్చినా పనిచేయకపోతే

ఊహలొద్దు, డబ్ల్యూగెట్ ఏం పంపుతోందో చూడండి. ఆదేశానికి --డీబగ్ తగిలించండి. 'రిక్వెస్ట్ బిగిన్', 'రిక్వెస్ట్ ఎండ్' అనే రెండు గీతల మధ్య 'కుకీ' అనే వరుస ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఆ వరుసే లేదంటే లోపం ఫైల్లో ఉంది. పైన చెప్పిన # ముక్క, ట్యాబులు, గడువు చూడండి. డొమైన్ కూడా చూడండి. కుకీ ముందు మూడు డబ్ల్యూలున్న పేరుకి ఉండి, లింకు అవి లేని పేరుకి ఉంటే రెండూ కలవవు. లింకు పాత హెచ్‌టీటీపీ రకమైతే, నాలుగో గడిలో ట్రూ ఉన్న కుకీని పంపదు.

వరుస ఉంది, అయినా సర్వర్ ఒప్పుకోవడం లేదంటే అది ఇంకేదో కూడా చూస్తోంది. ఎక్కువసార్లు అది యూజర్-ఏజెంట్, అంటే బ్రౌజర్ తన గురించి చెప్పుకునే వాక్యం. బ్రౌజర్‌లో ఉన్నది యథాతథంగా --యూజర్-ఏజెంట్="..." లో పెట్టండి. క్లౌడ్‌ఫ్లేర్ రక్షణ ఉన్న సైట్లలో, మనిషేనని తేలాక వచ్చే కుకీ ఆ యూజర్-ఏజెంట్‌కీ ఐపీ చిరునామాకీ ముడిపడి ఉంటుంది. బ్రౌజర్‌లో వీపీఎన్ వేసి కుకీ తీసి, టెర్మినల్‌ని వీపీఎన్ లేకుండా నడిపితే అది చెల్లదు. ఇంట్లో తీసిన కుకీని క్లౌడ్ సర్వర్‌కి పంపినా అంతే. ఒకే కంప్యూటర్‌లో కూడా బ్రౌజర్ ఐపీవీ6 మీద, డబ్ల్యూగెట్ ఐపీవీ4 మీద (ఇవి రెండు రకాల ఐపీ చిరునామాలు) వెళ్తుండవచ్చు. --ఐనెట్6-ఓన్లీ పెట్టి చూడండి. కొన్ని సైట్లు ఏ పేజీ నుంచి వచ్చారని అడుగుతాయి. వాటికి --రిఫరర్ ఇవ్వాలి, ఇంగ్లీషులో ఆ ఆప్షన్ స్పెల్లింగ్‌లో మధ్యన ఒక్కటే ఆర్.

ఎర్త్‌డేటాలో మరో కారణం ఉంది. మీ ప్రొఫైల్‌లో అప్లికేషన్స్ కింద ఆ డేటా కేంద్రానికి అనుమతి ఇచ్చి ఉండాలి. ఇవ్వకపోతే కుకీలన్నీ సరిగ్గా ఉన్నా ఫైలు రాదు.

ఇవేవీ కుదరకపోతే బ్రౌజర్ పంపినదాన్ని పూర్తిగా నకలు తీసే దారి ఉంది. డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, డౌన్‌లోడ్ మొదలుపెట్టండి. జాబితాలో ఆ ఫైలు వరుస మీద కుడి క్లిక్ చేసి 'కాపీ యాజ్ కర్ల్' ఎంచుకుని, బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ ఆపేయండి. విండోస్‌లో అయితే సీఎండీ రకం, బ్యాష్ రకం విడివిడిగా ఉంటాయి, మీ టెర్మినల్‌కి తగ్గది తీసుకోండి. అతికించి, చివర --లొకేషన్ --ఫెయిల్ --అవుట్‌పుట్ ఫైలుపేరు చేర్చండి. లొకేషన్ లేకపోతే కర్ల్ మళ్లింపు వెంట వెళ్లదు. ఫెయిల్ ఉంటే 401, 403 లాంటి తప్పుల పేజీని ఫైలుగా దాచదు.

ఒక్క ఫైలుకి ఇది మంచి దారి. వందలకి కాదు. ఇందులో కుకీ హెడర్‌గా, అంటే అడిగే ప్రతిసారీ సర్వర్‌కి వెళ్లే వరుసగా, అతికి ఉంటుంది. డబ్ల్యూగెట్‌లో --హెడర్‌తో ఇచ్చినా అంతే: కుకీ ఫైలుకి ఉండే డొమైన్ పట్టింపు ఆ హెడర్‌కి ఉండకపోవచ్చు, పాత వెర్షన్లయితే మళ్లింపు ఎటు పోతే అటు మీ చీటీ కూడా పోయే ప్రమాదం ఉంది.

తరచూ చేసే పనైతే

ప్రతివారం ఎర్త్‌డేటా నుంచి దించేవాళ్లు బ్రౌజర్‌ని మధ్యలోంచి తీసేయవచ్చు. హోమ్ ఫోల్డర్‌లో .నెట్‌ఆర్‌సీ అనే ఫైల్లో ఈ ఒక్క వరుస రాసి, సీహెచ్‌మోడ్ 600 చేయండి:

మెషీన్ యూఆర్‌ఎస్.ఎర్త్‌డేటా.నాసా.గవ్ లాగిన్ మీ-యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ మీ-పాస్‌వర్డ్

తర్వాత పైన ఉన్న పెద్ద ఆదేశానికే --ఆథ్-నో-ఛాలెంజ్=ఆన్ చేర్చండి. కుకీ ఫైలు ఖాళీదైనా చాలు, 'టచ్ కుకీస్.టీఎక్స్‌టీ' అని పుట్టించుకోండి. డబ్ల్యూగెట్ తనే లాగిన్ అయి, తనే కుకీలు తెచ్చుకుని, గడువు తీరితే మళ్లీ తెచ్చుకుంటుంది. ఇలా లాగిన్‌కి అవకాశమిచ్చే సైటైతే ఈ దారే మేలు. క్యాప్చా, ఓటీపీ ఉన్న సైట్లకి కుదరదు, వాటికి బ్రౌజర్ కుకీయే గతి.

చీటీని కాపాడుకోవడం, పారేయడం

ఆ ఫైలు ఎవరి చేతిలో పడితే వాళ్లు పాస్‌వర్డూ ఓటీపీ లేకుండా మీ ఖాతాలో ఉంటారు. అందుకే సహాయం అడుగుతూ టెలిగ్రామ్ గ్రూపులో డీబగ్ వివరాలు పెట్టేటప్పుడు కుకీ వరుసని, సెట్-కుకీ వరుసల్ని తప్పక చెరిపేయండి. ల్యాబ్‌లో పదిమంది వాడే కంప్యూటర్‌లో కుకీని ఆదేశంలోనే రాయకండి. అది షెల్ హిస్టరీలో మిగులుతుంది, నడుస్తున్నంతసేపు ప్రాసెస్ జాబితాలో మిగతా యూజర్లకీ కనబడుతుంది. కుకీస్.టీఎక్స్‌టీని గిట్ ఫోల్డర్‌లోనూ డ్రైవ్‌కి సింక్ అయ్యే ఫోల్డర్‌లోనూ పెట్టకండి. బ్యాంకు, డిజీలాకర్ లాంటి ఖాతాల కుకీలను అసలు ఫైల్లోకి తీయకండి. అక్కడ దించాల్సింది ఒకటి రెండు పీడీఎఫ్‌లే.

మీ ఖాతాకి ఏ ఫైళ్లు అందుబాటులో ఉన్నాయో కుకీతో వచ్చేవీ అవే. డబ్బు కట్టనిది, డీఆర్‌ఎం (కాపీ చేయకుండా వేసే రక్షణ) తాళం వేసినది దీనితో తెరుచుకోవు. యంత్రంతో దించొద్దని సైటు నియమాల్లో ఉంటే ఆ పని చేయకండి, ఖాతా మూసేస్తారు.

పనయ్యాక 'ఆర్‌ఎం కుకీస్.టీఎక్స్‌టీ' అని ఫైలు తీసేయండి. దానితో ఆగితే సర్వర్ దృష్టిలో ఆ సెషన్ ఇంకా బతికే ఉంటుంది. ప్రైవేట్ విండో ముందే మూసేశారు కాబట్టి, మళ్లీ లాగిన్ అయి మామూలుగా లాగౌట్ నొక్కినా ముగిసేది కొత్త సెషనే. ఖాతా సెట్టింగ్స్‌లో 'అన్ని పరికరాల నుంచీ లాగౌట్' ఉంటే అది నొక్కండి. లేని చోట పాస్‌వర్డ్ మార్చండి, చాలా సైట్లలో దానితో పాత సెషన్లన్నీ రద్దవుతాయి.